పోజ్నాన్ చలిలో వాకబు

పోజ్నాన్,
డిసెంబరు, శుక్రవారం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి కన్యకను ఆశీర్వదించి నీ భర్త జోగేశ్వరరావు రాసేది ఏమంటే, ఇక్కడ నేను క్షేమం. ముక్కూ చెవులూ మాత్రం క్షేమమో కాదో చెప్పలేను, అవి ఉన్నట్టు తెలిసి చాలా రోజులైంది. అక్కడ నువ్వూ, తమ్ముడూ మరదలూ, కొట్లో వాళ్ళూ అంతా క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరం ఏంటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే తమ్ముడు స్పీకర్లో పెడతాడు. మరదలు టీవీ సౌండు తగ్గించి మరీ వింటుంది. తెల్లారేసరికి పెనుగొండ బజారులో నా మాటలు నాకంటే బాగా చెప్పేవాళ్ళు నలుగురు తయారవుతారు. ఇక్కడ లాడ్జిలో వైఫై ఉంది గానీ అది లాడ్జివాళ్ళది, దాంట్లోంచి వెళ్ళే మాట ఎవరి చెవిన పడుతుందో మనకేం తెలుసు. అందుకని కాగితమే మేలనిపించింది. ఎగ్జిబిషన్‌కి వచ్చిన భీమవరం రొయ్యల వ్యాపారి రమేష్ బాబు గారు రేపు ఇంటికి బయల్దేరుతున్నారు, ఆయన చేతికిస్తున్నాను. కవరు అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం పెట్టాను. ఇది చదివేసరికి నువ్వు విప్పేసే ఉంటావు, అయినా ఆ సంతకం సరిగ్గా కలిసిందో లేదో ఒకసారి చూడు.

తణుకు అమ్మాయి రమ్యశ్రీ, ఇక్కడ చదువుకుంటోందే, ఆ పిల్ల తెచ్చిన పచ్చళ్ళ పార్శిలూ అందులో నీ ఉత్తరమూ అందాయి. నీ ప్రశ్నలకి జవాబులు. చలి నిజంగా అంత ఉందా అన్నావు. మన కొట్లో ఐస్‌క్రీం పెట్టె మూత తీసి అందులో తల పెడితే ఎలా ఉంటుందో ఊరు ఊరంతా అలా ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి. మంచు పడుతున్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది గానీ మర్నాటికి అది గడ్డకట్టి కాలు నిలవనివ్వదు. తిరుపతి మెట్లు ఎక్కినప్పుడు కూడా నేను ఇంత జాగ్రత్తగా అడుగు వెయ్యలేదు. నా తిండి గురించి అడిగావు. బంగాళాదుంప. ఒక పూట ఉడికించి, ఒక పూట వేయించి. మన పిల్లకి చూస్తున్న అబ్బాయి వేళకి తింటున్నాడా, చిక్కిపోలేదు కదా అని రెండుచోట్ల అడిగావు. తింటున్నాడు. ఎక్కడ తింటున్నాడన్నదే నన్ను ఇన్నాళ్ళూ చలిలో నిలబెట్టింది. ఆవకాయ, గోంగూర బాగున్నాయి. మాగాయ నాకు గొంతు పట్టేస్తుందని పెళ్ళైన కొత్తల్లోనే నీకు తెలుసు, అంత పెద్ద సీసా ఎందుకు పంపావా అని చాలాసేపు ఆలోచించాను. ఆ మాట చివర రాస్తాను.

అప్పడాలకి, కందిపప్పుకి ఇక్కడ బేరాలు చూడ్డానికి వెళ్తున్నానని ఊళ్ళో అందరికీ చెప్పాం. ఎగ్జిబిషన్ జరిగింది, అయిపోయింది కూడా. మన అప్పడాలు నలుగురు కొరికి చూసి బాగున్నాయని తల ఊపి వెళ్ళిపోయారు. అసలు పని నిరంజన్ గురించి వాకబు అని నీకూ నాకూ మన పిల్ల సాయిసుధకే తెలుసు. అమ్మానాన్నా లేని పిల్లాడు, ధవళేశ్వరంలో పెదనాన్న పెంచాడు, ఇక్కడ కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు, జాతకాలు కుదిరాయి, వీడియోలో పెళ్ళిచూపులు అయ్యాయి. అంతా బాగుంది. నాకు భయం అక్కడే. బస్తాలో పైన ఎప్పుడూ మంచి పప్పే ఉంటుంది. అడుగుదాకా చెయ్యి పెట్టి చూడకుండా నేను ఏనాడూ సరుకు దింపుకోలేదు. తాడేపల్లిగూడెంలో మన బంధువుల పిల్ల సంగతి నీకు తెలియనిది కాదు. పెళ్ళి చేసుకుని విమానం దిగాక గానీ తెలియలేదు, అతగాడికి ఆ దేశంలో అప్పటికే ఒక కాపురం ఉందని.

సాయిసుధకి వచ్చిన మూడు సంబంధాలు నేను వెనక్కి పంపానని నీకు కోపం. ఒకడి పేరు చెప్పగానే వాళ్ళ ఊరి మంగలి నవ్వాడు. ఇంకొకళ్ళ ఇంట్లో ఎప్పుడూ తాళం వేసి ఉంచే గది ఉంది. మూడోవాళ్ళు నేనడిగినవాటికల్లా ఆలోచించకుండా జవాబు చెప్పారు, ముందే బట్టీపట్టారనిపించింది. ఆ తరవాతే కదా పిల్ల కాకినాడ ఎరువుల కంపెనీలో ఉద్యోగం చూసుకుని హాస్టల్లో చేరింది. నేను బయల్దేరే ముందు వచ్చి వెళ్తూ, గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఏమందో నువ్వూ విన్నావు. "ఇది కూడా మీరు చెడగొడితే ఇంక నాకు సంబంధాలు చూడొద్దు నాన్నా." ఆ మాట పట్టుకునే విమానం ఎక్కాను. చెడగొట్టకూడదు. అలాగని కళ్ళు మూసుకుని పిల్లని ఇవ్వనూకూడదు.

ఇక్కడ దిగినరోజు అబ్బాయి స్టేషన్‌కి వచ్చాడు. మంచు పడుతోంది, నెత్తిన టోపీ లేదు. నా సూట్‌కేసు లాక్కుని, "మా రూమ్‌లో ఉండండి అంకుల్, నేను కింద పడుకుంటాను" అన్నాడు. వద్దన్నాను. ఎవరి గురించి వాకబు చేస్తున్నామో వాళ్ళ అన్నం తినకూడదన్నది నా పద్ధతి. ఎగ్జిబిషన్ పనులున్నాయి, నేనే కబురు చేస్తాను, అంతవరకు నాకోసం రావద్దు అని పంపేశాను. టోపీ లేకుండా ఆ చలిలో నడిచి వెళ్ళే మనిషి ఎవరి మెప్పు కోసం జుట్టు చెదరకుండా చూసుకుంటున్నాడా అని ఆ రోజే అనుమానం పట్టుకుంది.

మన వైపు వాకబు చెయ్యడం ఎంత సుఖమో ఇక్కడికొచ్చాక తెలిసింది. అక్కడ మంగలి ఉంటాడు, పాలవాడు ఉంటాడు, ఇస్త్రీబండి ఉంటుంది, టిఫిను సెంటరులో రెండిడ్లీలు తింటూ పేరెత్తితే చాలు, తాతల దగ్గర్నుంచి చెబుతారు. ఇక్కడ పక్కింట్లో ఎవరున్నారో పక్కింటివాడికి తెలియదు. అయినా అబ్బాయి ఇంటి వీధి చివర మంగలి షాపులోకి వెళ్ళాను. ఫోటో చూపించి "గుడ్ బాయ్?" అని అడిగాను. అతను ఫోటో చూశాడు, నా తల చూశాడు, కూర్చోబెట్టి ఫోటోలో అబ్బాయికి ఉన్నట్టే నాకు జుట్టు కత్తిరించాడు. చెవుల మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ పోయాయి. ఆ రోజునుంచి మంకీక్యాప్ తియ్యలేదు. కూరల మార్కెట్లో ఒకావిడకి ఫోటో చూపిస్తే భయపడి చేతులు అడ్డంగా ఊపింది. తప్పిపోయినవాడి కోసమో దొంగ కోసమో వెతుకుతున్నాననుకుంది కాబోలు.

ఇంక చేసేదేముంది, వెంట తిరిగాను. ఈ ఊరు నేను చూసినంతగా ఇక్కడ పుట్టినవాళ్ళు కూడా చూసి ఉండరు. అబ్బాయి ఆఫీసు ఎదురుగా ఒక చర్చి ఉంది, దాని మెట్ల మీద నిలబడేవాణ్ణి. వాడు బయటికి రాగానే నలభై అడుగుల వెనకగా నడక. రాళ్ళు పరిచిన వీధులు, మసిపట్టిన పాత మేడలు, ప్రతి మలుపులోనూ ట్రాం గంట. వాడు ఇంటికి వెళ్ళడు, కన్యకా. మార్కెట్‌కి వెళ్తాడు. ఒక్క మనిషికి ఎన్ని కూరలు కావాలి చెప్పు. బీట్‌రూట్లు, క్యాబేజీ, రొట్టె, గుడ్లు. ఒకరోజు పువ్వులు కూడా కొన్నాడు. ఆ సంచి పట్టుకుని ఒక పాత మేడ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు తెరుచుకుని లోపలికి పోయాడు. తన ఇల్లు కాని ఇంటి తాళంచెవి వాడి జేబులో ఉంది. మూడో అంతస్తులో దీపం వెలిగింది. తెర వెనక ఒక ఆడమనిషి నీడ అటూ ఇటూ కదిలింది. చాలాసేపటికి వాడు ఖాళీ చేతులతో కిందికి దిగాడు. గుమ్మంలో ఫోన్‌లో మాట్లాడుతూ "క్రిస్టినా" అన్న పేరు చెప్పి నవ్వాడు. తాడేపల్లిగూడెం పిల్ల సంగతి గుర్తొచ్చింది.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. మేడ ఎదురుగా ట్రాం స్టాపుంది. అక్కడ నిలబడి వచ్చిన ట్రాముల్ని పోనిస్తూ ఆ కిటికీ కేసి చూసేవాణ్ణి. రెండు జతల మేజోళ్ళు, తమ్ముడి రెగ్జిన్ కోటు, పైన మంకీక్యాప్. కాళ్ళు కొయ్యబారిపోయేవి. ఇక్కడినుంచే ఫోన్ చేసి సంబంధం వద్దని చెప్పేద్దామని ఒకసారి ఫోన్ తీశాను కూడా. పిల్ల గుమ్మంలో అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. క్రిస్టినాని కళ్ళతో చూసి, అప్పుడు చెబుదామనుకున్నాను.

మొన్న బుధవారం అక్కడే నిలబడి ఉంటే ఇద్దరు యూనిఫాం మనుషులు వచ్చారు. వాళ్ళ మాట నాకు రాదు, నా ఇంగ్లీషు వాళ్ళకి రాదు. పాస్‌పోర్టు చూపించాను, ఎగ్జిబిషన్ బ్యాడ్జీ చూపించాను, ఆఖరికి అప్పడాల ప్యాకెట్టు కూడా చూపించాను. వాళ్ళు మేడ మీది కిటికీ కేసి వేలు చూపించి ఏదో అడుగుతున్నారు. అంతలో వీధి తలుపు తెరుచుకుని నిరంజన్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళతో ఏదో చెప్పాడు. వాళ్ళు నాకేసి చూసి, నవ్వాపుకుంటూ వెళ్ళిపోయారు.

"ఏం చెప్పావు వాళ్ళకి?" అన్నాను.

"మా మావగారని చెప్పానండి."

"ఇంకా ఏమీ కుదరలేదుగా."

"తెలుసండి. ఇంకేం చెప్పినా స్టేషన్‌కి తీసుకెళ్ళేవారండి." తలుపు కేసి చెయ్యి చూపించి, "లోపలికి రండి, టీ తాగుదురుగాని. మీరెవరో ఇప్పుడే చెబితే క్రిస్టినాగారు మిమ్మల్ని తీసుకురమ్మన్నారు. ఫోన్ చేసి వాళ్ళని పిలిపించింది ఆవిడేనండి" అన్నాడు.

మెట్లెక్కుతూ అడిగాను, నేను వెంట తిరగడం ఎప్పటినుంచి తెలుసని. "మొదటిరోజు నుంచేనండి. ఈ ఊళ్ళో మంకీక్యాప్ ఇంకెవరూ పెట్టుకోరండి" అన్నాడు. మరి పలకరించలేదేం అంటే, "పెద్దవారు, పని మీద ఉన్నారు కదా అనండి" అన్నాడు. వెటకారమేమోనని మొహం చూశాను. కనబడలేదు.

తలుపు తీసిన క్రిస్టినాకి ఎనభై దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు, చేతికర్ర, తుంటి నొప్పితో పక్కకి ఒరిగి నడక. ఒకప్పుడు ట్రాం నడిపిందట. వచ్చిన కొత్తల్లో నిరంజన్ ఆవిడ ఇంట్లోనే గది అద్దెకి తీసుకున్నాడు. ఆవిడ మెట్లు దిగలేని మనిషి. తరవాత ఆఫీసు దగ్గరికి మారినా రోజూ కూరలు తెచ్చిపెట్టి, ఆవిడ వండింది తిని వెళ్తాడు. తాళంచెవి ఆవిడ ఇచ్చిందే. ట్రాం స్టాపులో నిలబడి ట్రాం ఎక్కని మనిషిని ఆవిడ మొదటిరోజే కనిపెట్టిందట. నేను అబ్బాయికి హాని చెయ్యడానికి వచ్చాననుకుంది. నేను కిందనుంచి ఆవిణ్ణి కనిపెడుతుంటే, ఆవిడ పైనుంచి నన్ను కనిపెడుతోంది.

నాకు కుర్చీ చూపించి, ఎదురుగా తను కూర్చుంది. బీట్‌రూట్ చారు పోసింది. గాజుగ్లాసులో పాలు లేని టీ పెట్టింది. ఇంక మొదలుపెట్టింది, కన్యకా, వాకబు. మంచీచెడ్డా అడగడానికి ఆ పిల్లాడికి తల్లి లేదుగా, తనే అడుగుతానందట. ఆవిడ అడగడం, నిరంజన్ తెలుగులోకి మార్చడం, నేను చెప్పడం, వాడు మళ్ళీ వాళ్ళ భాషలోకి మార్చడం.

"మీరు తాగుతారా అని అడుగుతున్నారండి."

"టీ తప్ప ఏమీ ముట్టనని చెప్పు."

"మీ ఇంట్లో కోపం ఎవరికి ఎక్కువ అంటున్నారండి."

"నాకే."

"అమ్మాయిని కొట్టారా ఎప్పుడైనా అంటున్నారండి."

"ఏనాడూ లేదని చెప్పు."

వాడు సిగ్గుపడుతూ, తడబడుతూ, అయినా ఒక్క మాట మార్చకుండా చెబుతున్నాడు. ఆవిడ వాడి మాట వింటోంది గానీ కళ్ళు నా మొహం మీదినుంచి తియ్యలేదు. నేను బస్తా అడుగున చెయ్యి పెడతానే, అదే చూపు. నాకు చెమట పట్టింది. ఈ దేశంలో నాకు చెమట పట్టడం అదే మొదలు. నేను ఎవరెవరిని ఏమేం అడిగి చూశానో అన్నీ చెప్పించాను. మంగలిని, కూరలావిణ్ణి, ధవళేశ్వరంలో వాళ్ళ పక్కింటివాళ్ళని, వాడు చదివిన బడి ప్యూనుని. అంతా విని ఆవిడ చిన్న ప్రశ్న ఒకటి వేసింది. నిరంజన్ గ్లాసు కేసి చూస్తూ మెల్లగా అన్నాడు.

"అమ్మాయిని అడిగారా అంటున్నారండి. ఈ అబ్బాయి ఇష్టమేనా అని."

కన్యకా, నీ దగ్గర దాచిన ముక్క ఇదే. నేను అడిగానని చెప్పాను. అబద్ధం చెప్పాను. ఆ ఇంట్లో, ఆవిడ చారు తాగుతూ, ఆవిడ కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పాను. నిరంజన్ దాన్ని అలాగే వాళ్ళ భాషలోకి మార్చాడు. కానీ వాడి చెవులు ఎర్రబడ్డాయి. వీడికి తెలుసు నేను అడగలేదని, అనిపించింది. ఎలా తెలుసన్నది అప్పుడు తట్టలేదు. లాడ్జికి వచ్చి దుప్పటి కప్పుకున్నాక కూడా అదే ప్రశ్న వినబడింది. సాయిసుధని కళ్ళల్లో పెట్టుకుని పెంచాననే అనుకున్నాను. ఇంతమందిని అడిగిన నేను పిల్లని ఒక్కమాట అడగలేదంటే నామీద నాకే అసహ్యం వేసింది.

నిన్న మధ్యాహ్నం ఇక్కడి పాత బజారుకి వెళ్ళాను. మధ్యలో పెద్ద గడియారపు మేడ ఉంది. సరిగ్గా పన్నెండింటికి ఆ గడియారం పైన రెండు రేకు మేకలు బయటికొచ్చి కొమ్ములతో కుమ్ముకుంటాయి. జనం తలలెత్తి చూస్తున్నారు. అక్కడినుంచి సాయిసుధకి ఫోన్ చేశాను. అక్కడ దాని ఆఫీసులో టీ వేళ.

"ఏంటి నాన్నా, ఏమైంది?" అంది. గొంతులో భయం. నేను ఫోన్ చేశానంటే సంబంధం పోయిందని చెప్పడానికే అనుకున్నట్టుంది. ఆ భయం వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమీ కాలేదమ్మా. ఒకటి అడుగుదామని. నీకీ అబ్బాయి ఇష్టమేనా?"

మేకలు లోపలికి వెళ్ళిపోయాయి. లైను పోయిందేమోననుకున్నాను.

"నాన్నా, అక్కడ బాగా చలిగా ఉందా?" అంది.

"ఉంది."

"మీరు మంకీక్యాప్ తియ్యకండి. ఆయనకి కూడా ఒక టోపీ కొనిపెట్టండి. నేను ఎంత చెప్పినా పెట్టుకోరు."

నేను ఎంత చెప్పినా. ఆ మాట విన్నాక వంద ప్రశ్నలు నాలిక చివరిదాకా వచ్చాయి. ఎప్పటినుంచి, ఎవరిచ్చారు నంబరు, రోజూనా అని. అన్నీ మింగేశాను. కొనిపెడతానమ్మా అని ఫోన్ పెట్టేశాను.

అక్కడే బజారులో మంచి ఉన్ని టోపీ, చెవులు మూసేది, ఒకటి కొన్నాను. సాయంత్రం నిరంజన్ ఆఫీసు ముందు, ఈసారి చర్చి మెట్ల మీద కాదు, గుమ్మం ఎదురుగానే నిలబడ్డాను. టోపీ చేతికిస్తే మారుమాట లేకుండా పెట్టుకున్నాడు. ఎలాగూ నాకు పడదు కదా అని నీ మాగాయ సీసా కూడా పట్టుకెళ్ళాను. సంచిలోంచి సగం తీశానో లేదో వాడి మొహం వెలిగిపోయింది.

"అత్తయ్యగారు పంపేశారా అండి? మొన్న వేసవిలో ముక్కలు సరిగ్గా ఎండలేదు, పంపడం కష్టమన్నారండి" అన్నాడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. మన డాబా మీద మామిడిముక్కలు ఎండలేదన్న సంగతి నాకే తెలియదు, కన్యకా. పోజ్నాన్‌లో వీడికి తెలుసు.

ఇక్కడ నేను చెవులు పోగొట్టుకుని వాకబు చేస్తుంటే, అక్కడ మీ ముగ్గురూ కలిసి ఎంతకాలంగా మాట్లాడుకుంటున్నారో నేను అడగను. నిన్న సాయంత్రమంతా కోపంగానే ఉంది. ఇంట్లో మనిషిని, నన్ను నమ్మలేదేంటి అని ఈ ఉత్తరం మొదట్లోనే రాద్దామనుకున్నాను. కానీ నువ్వు చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలుసు. పెళ్ళికి ముందే మాట్లాడుతున్నాడంటే ఎలాంటివాడో అని పొద్దుగుంకేలోగా వద్దనేవాణ్ణి. అది తెలిసే నువ్వు మాగాయ పంపావు, మాట పంపలేదు. బాధగా ఉంది. కానీ నీది తప్పని అనలేను.

మాఘమాసంలో ముహూర్తం చూడమని పురోహితుడికి చెప్పు. ధవళేశ్వరం కూడా నువ్వే కబురు పెట్టు, నేను పెడితే మళ్ళీ ఏదో ఒకటి అడుగుతాను. రేపు బయల్దేరే రమేష్ బాబు గారు అవసరం లేకపోయినా రెండుసార్లు నవ్వారు, కవరు ఇచ్చాక డబ్బులేమైనా అడిగితే ఇవ్వకు. రేపు సాయంత్రం నేను మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కాలి. మొన్న పిల్లని అడిగానని ఆవిడకి చెప్పినప్పుడు అడగలేదు. ఇప్పుడు అడిగాను. ఆ మాట నిరంజన్ చేతే చెప్పించి, ఆవిడ మొహం చూడాలి.

ఇట్లు,
ఇంట్లో అందరికంటే ఆఖరున తెలుసుకున్న
నీ భర్త
జోగేశ్వరరావు